వెయ్యి వాట్ల రిసీవర్

తన మీద పడ్డ నింద సంగతి దీపకు భూపాలపల్లి బజారులో టీ బండి దగ్గర తెలిసింది. "గా తండా పిల్ల ఉన్నది గదా, విద్యాసాగర్ సారు రిసీవర్ల అసలు సామాను తీసి నకిలీది పెట్టిందట" అంటున్నాడెవరో. టీ గ్లాసు అక్కడే పెట్టేసి విసవిసా దుకాణానికి నడిచింది.

ఐటీఐ చదివిన దీప పదకొండేళ్లుగా భాస్కర్ దుకాణంలో రిపేర్లు చేస్తున్నది. కాంట్రాక్టర్ విద్యాసాగర్‌కు హోం థియేటర్ అంటగట్టింది భాస్కరే. అందులో స్పీకర్లను మోగించే పెట్టె రిసీవర్. దాని డబ్బా మీద వెయ్యి వాట్లని ఉంది. కానీ సౌండ్ పెంచితే చాలు, అది టక్కున ఆగిపోతున్నది. దీప మూత విప్పి చూసింది. ఏ లోపమూ కనబడలేదు. దుమ్ము దులిపి ఇచ్చింది. మళ్లీ ఆగిపోయేసరికి భాస్కర్ తప్పంతా ఆమె మీదికి తోసేశాడు.

దుకాణంలో భాస్కర్ పక్కన విద్యాసాగర్ కూర్చుని ఉన్నాడు. స్పీకర్లతో సహా అంతా కార్లో వేసుకొచ్చాడు.

"ఏమే, ఏం మార్చినవ్ దాంట్ల?"

"ఏమే గీమే అనకుండ్రి సారు. నేనేం మార్చలే. దాని బలమే గంత."

"వెయ్యి వాట్లకు బలం లేదంటవా?"

"ఆరు స్పీకర్లయి కలిపి, ఒక్క రెప్పపాటుకు లెక్కగట్టి రాసిన వెయ్యి అది. అన్ని ఒక్కసారి మోగితే తలా ముప్పై వాట్లు గూడ రావు. మీ స్పీకర్లేమో బగ్గ కరెంటు గుంజేటియి."

"నీ కథలు ఆపు. నాది మోగితే నా చెవులు గుర్తుపడ్తయి."

దీప మూలనున్న పాత రిసీవర్ తెచ్చింది. దాని మీద రాసి ఉన్నది స్పీకరుకు ఎనభై వాట్లే, లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండటంతో ఎత్తితే మాత్రం నడుం పట్టేసేంత బరువు. రెండింటినీ బట్ట వెనక పెట్టి, మీటరుతో సౌండ్ సమానం చేసి, అవే స్పీకర్లకు ఒకదాని తర్వాత ఒకటి కలిపింది. విద్యాసాగర్ కళ్లు మూసుకుని విన్నాడు.

"రెండోది. గదే నాది. ఎంత సాఫుగున్నది!"

దీప బట్ట లాగింది. రెండోది పాతది.

"మెల్లగ పెడితే రెండు ఒక్కతీరే సారు. ఇగ ఇప్పుడు వినుండ్రి." సౌండ్ పెంచింది. పాతది అద్దాలు అదిరేలా మోగింది. కొత్తది పాట సగంలోనే చచ్చిపోయింది.

విద్యాసాగర్ ముఖం కందగడ్డ అయింది. భాస్కర్ మీదికి లేచాడు. "పనిమనిషితోని నాకు పాఠం చెప్పిస్తవా?"

భాస్కర్ దీపవైపు తిరిగి, "రేపటిసంది రాకు" అన్నాడు.

"రేపటిదాంక ఎందుకన్నా?" అని తన పనిముట్లు సంచిలో వేసుకుని బయటికి నడిచింది.

ఇప్పుడు చెల్పూర్‌లో కరెంటు ప్లాంటు క్వార్టర్ల పక్కన ఆమెకు సొంతంగా చిన్న రిపేరు దుకాణముంది. ఏ పెట్టె వచ్చినా, తెచ్చినవాళ్లను ఎదురుగా నిలబెట్టాకే మూత విప్పుతుంది. ఆ నింద ఆమెకు నేర్పింది ఇదే. విద్యాసాగర్ ఒప్పుకున్నదేమీ లేదు. భాస్కర్ దగ్గరే మరింత ఖరీదైన రిసీవర్ కొన్నాడు.

మొన్న బస్టాండులో భాస్కర్ ఎదురుపడ్డాడు. "రిపేర్లు కుప్పవడ్డయి. మళ్ల రారాదా, దీపా?"

"బజారుల దొంగను జేసినవ్. గదే బజారుల నేను దొంగను గాదని చెప్పు. గప్పుడు మాట్లాడుదం."

భాస్కర్ ఇప్పటిదాకా చెప్పలేదు.