తోడమ్మ

పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో అందరూ ఆమెను తోడమ్మ అనే పిలుస్తారు. గేటు దగ్గర వాచ్‌మన్ "తోడమ్మ వచ్చింది, దారివ్వండి" అని కేకేస్తాడు. నిజానికి ఆమెకు వైద్యంలో ఓనమాలు రావు. సూది చూస్తే మొహం తిప్పేసుకునే రకం. కాలేజీలో సమాజశాస్త్ర విభాగంలో టైపిస్టుగా చేరి, అక్కడే తల నెరిసిన మనిషి.

లెక్చరర్ మేడమ్ ఊరంతా తిరిగి జనంతో మాట్లాడి రికార్డు చేసుకొచ్చేవారు. ఈమె హెడ్‌ఫోన్లు తగిలించుకుని, విన్నది విన్నట్టు టైపు చేసేది. దగ్గితే దగ్గు అని, ఏడిస్తే ఏడుపు అని. "మాటలు దిద్దకండమ్మా, వాళ్ళెలా అన్నారో అలాగే రానివ్వండి" అనేవారు మేడమ్. ఊళ్ళోవాళ్ళ సొద వినడానికి ఇంత చదువెందుకో ఈమెకు అంతుబట్టేది కాదు. "మా మేడమ్‌ది కబుర్లు పోగేసే ఉద్యోగం" అని ఇంట్లో నవ్వేది. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే భర్త "అయితే మా డిపోకి పంపు, బస్తాలకొద్దీ దొరుకుతాయి" అనేవాడు.

ఒక ఏడు మేడమ్ ఆసుపత్రి కాన్పుల మీద పరిశోధన మొదలుపెట్టారు. మొదటి రికార్డింగు కూరగాయలు అమ్మే ఆవిడది. "నొప్పికి అరిచానని నర్సమ్మ లెంపకాయ కొట్టింది. మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకే అంది. సిగ్గుతో చచ్చిపోయాను."

టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. కూతురు పుట్టిన రోజున తననూ అదే మాట అన్నారు. అది కన్నతల్లికి చెప్పలేదు, కట్టుకున్నవాడికీ చెప్పలేదు. అందరూ ఓర్చుకున్నారు, తనకే ఓర్పు లేదనుకుంది. రెండో బిడ్డ మాటెత్తితే "ఒకతి చాల్లెండి" అని తప్పించుకుంది.

ఆ తర్వాత ఇటుకలు మోసే ఆమె, స్కూలు టీచరు, కుట్టుపని చేసే అమ్మాయి... ఒక్కొక్కరి గొంతే చెవిలో పడింది. కట్టిన చీరను బట్టి తిట్టు మారింది గాని, తిట్టు తప్పలేదు. ఎవరి సిఫార్సుతోనో వచ్చినవాళ్ళను మాత్రం "అమ్మా" అన్నారు.

హెడ్‌ఫోన్లు తీసి మేడమ్ దగ్గరికి వెళ్ళింది. "ఇంతమందికీ ఓర్పు లేకుండా పోతుందా మేడమ్?"

"మీకేమనిపిస్తోంది?"

"నన్నూ అన్నారు మేడమ్."

మేడమ్ గబగబా ఓదార్చలేదు. లేచి తలుపేసి, గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, "చెప్పాలనిపిస్తే చెప్పండి, వింటాను" అన్నారు. ఈమె చెప్పింది, రికార్డరు పెట్టుకునే. తన గొంతును తనే టైపు చేసుకుంది. ఏడుపు అని కొట్టాల్సిన చోట కాసేపు ఆగి, కొట్టింది.

ఆ సాయంత్రం భర్తకూ చెప్పేసింది. "బయట బెంచీ మీదే కూర్చున్నానే. నన్ను లోపలికి రానిస్తే ఎంత బావుండేది" అన్నాడతను.

తర్వాత నర్సుల రికార్డింగులు వచ్చాయి. అయిష్టంగానే వింది. "వార్డు నిండా మనుషులు, నేనొక్కదాన్నే. ఒకామె నీళ్ళంటుంది, ఒకామె చెయ్యి పట్టుకోమంటుంది. అరిస్తేనే నా మాట వినపడేది. ఇంటికెళ్ళాక నా గొంతు నాకే అసహ్యమేస్తుంది."

"అయితే మాత్రం చెయ్యి చేసుకుంటారా?" అని మేడమ్ మీదే విసుక్కుంది.

"కొట్టడం ముమ్మాటికీ తప్పే. దానికి జవాబు చెప్పాల్సిందే. కానీ కొట్టిన నర్సునొక్కదాన్నే తీసేస్తే ఆ గది మారుతుందా?" అన్నారు మేడమ్.

ఆసుపత్రి పెద్దల ముందు మేడమ్ నివేదిక చదివిన రోజున ఈమె వెనక కుర్చీలో కూర్చుంది. "ఇవన్నీ ఎప్పుడూ ఉండే మాటలే" అని ఒకాయన తేల్చేయబోయాడు. అప్పుడు హెడ్ నర్సు లేచింది. "నిజమే సార్, జరుగుతోంది. ప్రతి మనిషి పక్కనా సొంతవాళ్ళు ఒకరుంటే మా వాళ్ళు అలా అరవలేరు. మాకూ ఆసరాగా ఉంటుంది."

ఆ మాటతో ఒక వార్డులో తోడు మనిషిని రానిచ్చారు. క్రమంగా అన్ని వార్డుల్లోనూ. చెయ్యి చేసుకుంటే విచారణ తప్పదని రాతపూర్వకంగా పెట్టారు. అదనపు నర్సుల కోసం మాత్రం మేడమ్ చెప్పులరిగేలా తిరగాల్సి వచ్చింది. అడిగినంతమంది ఇప్పటికీ రాలేదు.

కొన్నాళ్ళకు హెడ్ నర్సు ఫోన్ చేసింది. "తోడెవరూ లేనివాళ్ళ సంగతేంటి మేడమ్?"

మేడమ్ ఫోన్ పెట్టీ పెట్టగానే, పక్కనే వింటున్న ఈమె "నేను వెళ్తాను" అంది. అని, తనే కంగారుపడింది.

మొదట దొరికింది ఇళ్ళలో పాచిపని చేసే అమ్మాయి. పళ్ళు బిగబట్టి, గుడ్లనీళ్ళు కుక్కుకుని పడుకుని ఉంది. ఈమె చెయ్యి అందించింది. "గట్టిగా అరిచెయ్ తల్లీ. ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు." ఆ పిల్ల అరిచిన అరుపుకి ఈమె చెవులు గింగిర్లెత్తాయి. ఎన్నేళ్ళుగానో గుండెలో గడ్డకట్టుకున్నదేదో ఆ అరుపుతో కరిగినట్టయింది.

మేడమ్ రిటైరయి చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. వార్డు నుంచి బయటపడగానే తోడమ్మ ఆవిడకు ఫోన్ చేస్తుంది. పిల్లా పిల్లాడా అని మేడమ్ ముందుగా అడగరు. "తల్లి ఎలా ఉంది?" అంటారు. ఆ ప్రశ్న వింటే చాలు, తోడమ్మకు ఆవిడ కాళ్ళు కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది.

"బావుంది మేడమ్" అంటుంది. "వార్డు అదిరిపోయేలా అరిచింది."