నాయన నాలుక చూపించమన్నది ఎవరు?

దెయ్యం పట్టిందనీ గాలి సోకిందనీ ఎవరైనా అంటే నాకు చిరాకు. మార్కాపురం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఒకసారి స్టోరు రూములో ఏదో తిరుగుతోందని పిల్లలు హడలిపోతే, నెల రోజులు మధ్యాహ్నం పూట ఆ గదిలోనే కుర్చీ వేసుకుని అన్నం తిన్నదాన్ని. ఇవాళ్టికీ నేను మారలేదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ బయట ఎవరికీ చెప్పలేదు.

మా నాయన చెన్నయ్యది పుల్లలచెరువు వైపు, అడవి అంచున ఉన్న ఊరు. పుట్టినప్పటి నుంచీ గొర్రెల మధ్యే బతికాడు. అమ్మ పోయాక మా తమ్ముడు రమణ కుటుంబంతో ఉంటూ, మందను మాత్రం తానే చూసుకునేవాడు. సాయంత్రం మంద దొడ్డికి చేరాక గొర్రెపిల్లల్ని పాలకు వదలాలి. ఎన్ని పిల్లలున్నా ఏది ఏ తల్లిదో ముఖం చూసి చెప్పేసేవాడు. మసక వెలుతురులో అయితే వీపు మీద చెయ్యి వేసి చెప్పేవాడు. అదంతా ఒక విద్య అని కూడా ఆయనకు తెలియదు.

రెండేళ్ల కిందట ఆయన మారిపోవడం మొదలైంది. ముందు కోపం వచ్చింది. అన్నంలో ఉప్పు ఎక్కువైందని మా మరదలి మీద పళ్లెం విసిరాడు. జీవితంలో ఆడవాళ్ల మీద గొంతెత్తని మనిషి. తర్వాత కోపం కూడా పోయి మాటే పోయింది. అన్నం సరిగా ముట్టకుండా గోడవైపు తిరిగి కూర్చునేవాడు. కాళ్లలో చీమలు పాకుతున్నాయని తెల్లవార్లూ రుద్దుకునేవాడు.

ఒక సాయంత్రం పిల్లల్ని తప్పు తల్లుల దగ్గర వదిలాడు. గొర్రెలు వాటిని కుమ్మి తోసేస్తుంటే, చేతులు వేలాడేసుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడట. ఆ సంగతి ఫోన్లో చెబుతూ తమ్ముడు ఏడ్చాడు.

ఊళ్లో గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. నేను తమ్ముడిని తిట్టి, నాయనను పెద్ద టౌనుకు తీసుకెళ్లి తలకు స్కానింగ్ తీయించాను. వయసుతో వచ్చే మతిమరుపే అన్నారు, మాత్రలు రాశారు. సైన్సు టీచర్ని కదా, ఆ మాటను తమ్ముడి కంటే ముందు నేనే నమ్మాను. ఇంక లాభం లేదని అనుకున్నాం. మందను అమ్మేయడానికి బేరం కుదిరింది. ఆదివారం వచ్చి తోలుకుపోతామన్నారు.

ఆ ముందు శుక్రవారం నాయన మా ఇంట్లో ఉన్నాడు. గుమ్మం దగ్గర తూలి పడి మోకాలు చీరుకుపోయింది. కట్టు కట్టించడానికి దగ్గరలోని చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లాను. పొద్దున పదకొండు దాటింది. వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఆయా బయటి గుమ్మం దగ్గర నేల తుడుస్తోంది. ఎండ పడి తడినేల మెరుస్తోంది.

నాయనకు అవతలి పక్కన ఒకామె కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. యాభై ఏళ్లు ఉంటాయి. ముతక పచ్చచీర, ఎడమ ముంజేతి మీద చుక్కల పచ్చబొట్టు. గొర్రె ఉన్ని వాసన వేసింది. నాయన చొక్కా వాసనే అనుకున్నాను.

ఆమె నాయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఏంరా ఉడతా, నాలుక చూపీరా" అంది.

డాక్టర్లు అడిగినా నోరు తెరవని మనిషి చిన్నపిల్లాడిలా నాలుక చాపాడు.

"చూడు పాపా" అంది నాతో. "ఎట్ల ఎర్రగా, నున్నగా ఉందో చూడు. మంటకే అన్నం మానేసినాడు. ఇది పిచ్చి కాదు పాపా, మతిమరుపు కాదు. లోపల డాక్టరమ్మకు మోకాలు కంటే ముందు నాలుక చూపియ్యి."

నేను వంగి చూశాను. నిజమే. ఏడాదిగా ఆయన తల గురించే ఆలోచించాను కానీ నోట్లోకి ఒక్కసారీ చూడలేదు. ఇంతలో మా నంబరు పిలిచారు. నాయనను లేపి, గది గుమ్మం దాకా నడిపించి, ఆమెకు ఒక మాట చెప్పి వద్దామని వెనక్కి తిరిగాను. బెంచీ ఖాళీగా ఉంది.

డాక్టరమ్మ చిన్న వయసు అమ్మాయి. నాలుక సంగతి చెప్పగానే కట్టు కట్టడం ఆపేసింది. కంటి కింది రెప్ప లాగి చూసింది. మేము క్లాసులో చూపించే శ్రుతిదండం లాంటిది మోగించి నాయన మడమ మీద పెట్టి, తెలుస్తోందా తాతా అని అడిగింది. తెలియడం లేదన్నాడు. వెంటనే రక్తం తీయించింది.

మర్నాడు రిపోర్టు వచ్చింది. బి12 దాదాపు లేదు.

"తిన్నా కడుపు ఆ విటమిన్ను తీసుకోవడం లేదు మేడం" అంది డాక్టరమ్మ. "అది తగ్గితే నరాలు మొద్దుబారతాయి, మనసు కుంగుతుంది, మతి తప్పుతుంది. మీరు మూడు జబ్బులనుకున్నవి ఒకటే జబ్బు. ఇంజెక్షన్లు మొదలుపెడదాం. ఎంత తిరిగొస్తుందో చూద్దాం. అవునూ, నాలుక చూపించాలని మీకెలా తోచింది?"

"నిన్న బెంచీ మీద ఒకామె చెప్పింది" అన్నాను.

ఆయా అక్కడే ఉంది. నా వైపు వింతగా చూసింది. "ఆడ ఎవురున్నారు మేడం? మీరూ పెద్దాయనే కదా కూర్చున్నది. మీరే ఆయన గడ్డం పట్టుకుని నాలుక చూపీ అంటా ఉండారు. నేను ఈడ తుడుస్తా చూస్తానే ఉంటి. తడి మీద ఎవురన్నా నడిచింటే ఊరుకుందునా?"

నేను నవ్వేశాను. ఇంటికి వచ్చాక నవ్వు రాలేదు.

తమ్ముడికి ఫోన్ చేసి బేరం ఆపించాను. నెల రోజులు ఆగమన్నాను. వచ్చినవాళ్లు గొడవ చేశారట. అయినా వాడు నా మాట మీద నిలబడ్డాడు. ఆ నెలంతా మా మరదలు పళ్లెం సంగతి ఒక్కసారి కూడా ఎత్తకుండా, గంజి చల్లార్చి నాయనకు తాగించింది. వాళ్లిద్దరికీ నేను ఎంత రుణపడి ఉన్నానో ఇక్కడ రాయాలి.

పదో రోజున నాయన పచ్చిమిరపకాయ కావాలని అడిగాడు. మూడో వారంలో మా మరదల్ని పిలిచి, "తప్పు జరిగింది తల్లీ" అన్నాడట. నెలన్నర దాటాక ఒక సాయంత్రం దొడ్లోకి వెళ్లి, ఎవరూ చెప్పకుండానే పిల్లల్ని ఒక్కొక్కటిగా తల్లుల దగ్గరికి చేర్చాడు. రెండు చోట్ల ఆగాడు. వాసన చూసి, తేల్చుకుని వదిలాడు. ఒక్కటి కూడా తప్పు పోలేదు. తమ్ముడు అదంతా వీడియో తీసి పంపితే స్టాఫ్ రూములో అందరి ముందూ ఏడ్చాను.

ఆయన కుదుటపడ్డాక ఆసుపత్రి సంగతి అడిగాను.

"ఆ రోజు నీ పక్కన ఎవరు కూర్చున్నారు నాయనా?"

"నువ్వే కదమ్మా" అన్నాడు. "ఉడతా అని పిలిచినావు. నీకెట్ల తెలుసు ఆ పేరు? మా పెద్దక్క పిలిచేది. అచ్చం ఆయమ్మ గొంతే వచ్చింది నీకు."

ఆ పెద్దక్క పేరు నర్సమ్మ. నేను పుట్టకముందే పోయింది. ఇంట్లో ఆమె మాట ఎప్పుడూ ఎత్తేవాళ్లు కాదు. కనిగిరిలో నాయన పినతండ్రి కూతురు, మాకు మేనత్త వరస, ఒకామె ఉంది. వెళ్లి అడిగాను. అత్త లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"పిచ్చిదని గదిలో పెట్టినారు పాపా నర్సమ్మక్కను" అంది. "నాలుక మంట అని అన్నం ముట్టేది కాదు. కాళ్లు తిమ్మిరి అనేది. ఆఖరికి కన్నబిడ్డల్నే గుర్తుపట్టలా. యాభై కూడా నిండలేదు, పోయింది. మాకేం తెలుసు, గాలి సోకిందనుకున్నాం."

చేతి మీద పచ్చబొట్టు ఉండేదా అని అడిగాను. చుక్కలు పొడిపించుకుందని చెప్పింది. ఎడమ చెయ్యో కుడి చెయ్యో ఆమెకు గుర్తులేదు.

నాకు తోచిన కారణాలన్నీ నేనే వెతికాను. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. చిన్నప్పుడెప్పుడో నర్సమ్మత్త సంగతి, ఉడత అన్న పేరు నా చెవిన పడి ఉండొచ్చు. పాఠంలోని విటమిన్ల పట్టిక లోపలెక్కడో ఉండి ఉండొచ్చు. ఏడాది దిగులుతో అలిసిపోయిన నా మెదడే అవన్నీ కలిపి నా ముందు కూర్చోబెట్టిందేమో. ఆ అనుమానంతో నా రక్తం కూడా పరీక్ష చేయించుకున్నాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా ఆమె వేళ్లు నాయన గడ్డాన్ని పట్టుకోవడం నేను పక్కనుంచి చూశాను. అవి నా వేళ్లు కావు.

మొన్న వానల్లో ఊరికి వెళ్లినప్పుడు ఇదంతా నాయనకు చెప్పాను. కర్ర ఆనించుకుని చివరిదాకా విన్నాడు. ఆయన కాళ్ల తిమ్మిరి పూర్తిగా పోలేదు, నెలకో ఇంజెక్షన్ ఎప్పటికీ తప్పదు.

"అక్కే అయితే, బాగుండాదా ఆయమ్మ?" అని అడిగాడు.

"బాగానే ఉంది నాయనా" అన్నాను.

తల ఊపి, కళ్లు తుడుచుకుని, మందను అదిలించుకుంటూ గట్టెక్కి పోయాడు. వెనకబడిన ఒక గొర్రెపిల్లను పేరు పెట్టి పిలిచాడు. అది పరుగెత్తింది.