ఏడోనాటి పొగ

శీతళమ్మకు చద్ది పెట్టే రోజున ఝమకూ పొయ్యి రాజేసిందనీ, అందుకే అమ్మవారు ఆమె పేగులు పట్టి మెలిపెట్టిందనీ నీంబళీ ఊళ్లో అందరూ చెప్పుకున్నారు. పిండిమర దగ్గర ఒకలాగా, బస్సు ఆగే చోట ఇంకోలాగా చెప్పుకున్నారు. ఆమె పొయ్యిలో నిప్పు పడగానే గుళ్లో రాయి చెమర్చిందని ఒకరన్నారు. ఊళ్లో పిల్లలు వాంతులతో పడిపోయింది ఆమె పాపం వల్లేనని మరొకరన్నారు. ఆ ఏడు ఫాల్గుణంలోనే జ్యేష్ఠమాసపు ఎండలు విరగకాసింది కూడా ఆమె మూలానేనట. ఎండ హోలీకి నాలుగు రోజుల ముందే వచ్చింది. పొయ్యి వెలిగింది హోలీ అయిన ఏడోనాడు. ఈ చిన్న విషయం అడ్డొస్తుందని ఎవరికీ తోచలేదు.

నీళ్ల పంపు దగ్గర, ముసుగు గడ్డందాకా లాక్కుని వరసలో నిలబడ్డ సుగణీ ఇవన్నీ వింది. ఆమె ఝమకూ కోడలు. ముసుగు వెనక ఉన్నదానికి చెవులు కూడా ఉండవనుకుంటారేమో, ఆమె పక్కనే నిలబడి అనేవాళ్లు. ఆమె బిందె నింపుకుని తల వంచుకుని ఇంటికి వచ్చేది. వచ్చాక బిందెను నేల మీద పెట్టే తీరులో మాత్రం కోపం తెలిసేది.

ఝమకూ కుమ్మరింటి ఆడది. పదమూడో ఏట సివాణా వైపు నుంచి ఒంటె బండి మీద ఈ ఊరి కోడలిగా వచ్చింది. మొగుడు మూలారామ్ సారె తిప్పేవాడు. ఈమె మట్టి తొక్కేది, పచ్చి కుండను చెక్కతో తట్టి సాగదీసేది, ఆవం పేర్చేది. శీతళమ్మ పూజ కూడా కుమ్మరి ఇంటిదే కాబట్టి అదీ మూలారామే చేసేవాడు. అతను జ్వరంతో పోయినప్పుడు ఝమకూ చంకలో ఏడాది పిల్లాడున్నాడు. మొగుడు పోయిన ఆడది అమ్మవారిని తాకడమేమిటని పెద్దమనుషులు లేచారు.

"సరే, మీలో ఎవరు కూర్చుంటారో కూర్చోండి" అని తాళంచెవి వాళ్ల ముందు పడేసింది ఝమకూ.

ఆ నెలలోనే ఊళ్లో పిల్లలకు అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు లేచిన పిల్లల దగ్గరికి కన్నతండ్రులే రావడానికి జంకారు. తాళంచెవి ఎవరూ ముట్టలేదు. ఝమకూయే దాన్ని నేల మీంచి తీసుకుని బొడ్లో దోపుకుంది. వేపమండలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది, పొక్కుల మీద ఈగ వాలకుండా విసిరింది, పిల్లలను తిడుతూనే చల్లటి రాబ్ తాగించింది. ఆ సజ్జ అంబలితోనే బతికామని చెప్పుకునేవాళ్లు ఇప్పుడు మీసాలు మెలేస్తూ తిరుగుతున్నారు. అప్పటినుంచి ముప్పై ఒక్క ఏళ్లు ఆమె ఒక్కతే గుడి ఊడ్చింది, రాయి కడిగింది. నోరు మాత్రం గరుకు. చల్లనమ్మకు సెగలాంటి పూజారి దొరికిందని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. ఆ మాట వింటే ఆమె కూడా నవ్వేది.

ఆ ఏడు చలి సరిగ్గా వెళ్లనే లేదు, వడగాలి వచ్చి కూర్చుంది. జీలకర్ర గింజ కట్టకుండానే ఎండి రాలింది. జమ్మిచెట్ల మీద లేత కాయ ముడుచుకుపోయింది. నెమళ్లు నోళ్లు తెరుచుకుని గోడ నీడన పడి ఉండేవి. బడి మాత్రం సాయంత్రం దాకా నడిచేది. నైనీని తీసుకురావడానికి వెళ్లిన ఝమకూ, మనవరాలి ముఖం కందగడ్డలా ఉండటం చూసి మాస్టారును నిలదీసింది.

"వేసవి వేళలు ఏప్రిల్ నుంచే పిన్నీ. ముందే వదలాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి" అన్నాడాయన.

"ఆ ఉత్తర్వు సూర్యుడికి చూపించారా మరి?"

మాస్టారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

హోలీ అయిన ఆరోనాటి సాయంత్రం ప్రతి ఇంటా వంటలయ్యాయి. పెరుగూ బెల్లమూ కలిపిన ఓలియా అన్నం, రాబ్, పూరీలు, ఎండు జమ్మికాయల కూర. వండటం కాగానే పొయ్యిలు ఆర్పి, పేడతో అలికి, మరునాడంతా నిప్పు ముట్టకూడదు. చద్దే తినాలి. మామూలు ఏళ్లలో ఆ రాత్రి చలికి, తడి ఇసుకలో దించిన గిన్నెలు తెల్లారేసరికి పళ్లు జివ్వుమనేంత చల్లబడేవి. ఈసారి ఆరు రోజులుగా పంపు రాలేదు. తాగడానికే లేని నీళ్లు ఇసుక మీద ఎవరు పోస్తారు? తెల్లవారుజామున కూడా వాకిట్లో పరిచిన బండలు అరికాళ్లకు వెచ్చగా తగిలాయి.

చీకటి విడవకముందే ఝమకూ తన ఇంటి ఓలియా గిన్నె మూత తీసింది. పక్కన నిలబడ్డ సుగణీకి ముందు వాసన తగిలింది, తరవాత నురగ కనిపించింది. అన్నం మీద సన్నటి బుడగలు లేచి పగులుతున్నాయి. ఝమకూ మూత పెట్టేసి, చీపురు తీసుకుని గుడికి నడిచింది.

ఆడవాళ్లు పాడుకుంటూ వచ్చారు. రాయి మీద తలా ఒక చెంబు నీళ్లు పోసి, పళ్లెంలోంచి ఒక చిటికెడు తీసి అమ్మవారి ముందున్న ఇత్తడి గంగాళంలో వేయాలి. ఆ చద్ది పూజారి వంతు. మిగిలింది ఇంటికి తీసుకెళ్లి పిల్లాపెద్దా తింటారు. మొదట వచ్చిన హస్తూ పళ్లెం మీద ఝమకూ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది పిల్లలకు పెట్టకు హస్తూ. పులిసిపోయింది. చూడు, బుడగలు."

"అమ్మవారి చద్దికి పులుపేమిటి? నీ నోరే పులిసింది" అంది హస్తూ. వెనకున్నవాళ్లు కిసుక్కుమన్నారు.

"నవ్వండి. సాయంత్రం మీ పిల్లలు కక్కేటప్పుడు కూడా ఇలాగే నవ్వండి."

"తెల్లారకముందే ఏం మాటలమ్మా అవి! అమ్మ ఎదురుగా!" అంది వెనకనుంచి ఒకామె.

"అమ్మ ఎదురుగానే అంటున్నా, చాటున కాదు." ఝమకూ రాయి వైపు తిరిగింది. "ఏమమ్మా, చల్లనిదానివట కదా! ముప్పై ఒక్క ఏళ్లు నీ నెత్తిన నీళ్లు పోశాను. ఒక్క రాత్రి, ఈ పిల్లల ముద్ద పాడవకుండా ఒక్క రాత్రి చల్లగా ఉంచలేకపోయావా? నీ వాహనం గాడిదెక్కి ఎటు పోయావు?"

పాట ఆగిపోయింది. సుగణీ ముసుగులో కళ్లు మూసుకుంది. ఆడవాళ్లు గబగబా చిటికెలు వేసి, చెంబులు ఒంపి, ఒకరినొకరు తోసుకుంటూ వెళ్లిపోయారు. గంగాళం మాత్రం నిండింది.

ఇంటికి రాగానే ఝమకూ వాకిట్లో పొయ్యి మీది పేడను గరిటె కాడతో పెళ్లగించింది.

"సాసూజీ, ఈ రోజా?" అంది సుగణీ.

"ఈ రోజే. పిండి తే కోడలా. నైనీ లేచి అన్నమంటే ఆ బుడగలు పెడతావా? పెట్టేట్టయితే చెప్పు, ఆర్పేస్తాను."

సుగణీ పిండి తెచ్చింది. గాలి లేదు. ఊరంతటిలో ఒక్క పొగ లేని రోజున, ఆ పొగ కర్రలా నిటారుగా లేచి నిలబడింది. అందరికీ కనిపించింది. ఝమకూ సజ్జరొట్టెలు కాల్చింది, ఉప్పూ బెల్లమూ వేసి నీళ్లు మరిగించింది. కాసేపటికి వెనక గోడ దగ్గర ఒక పిల్లాడు నిలబడ్డాడు. తరవాత ఇద్దరు ఆడపిల్లలు. పంపిన తల్లులెవరూ కనిపించలేదు. నైనీతో కలిపి పదకొండు మంది పిల్లలు తిన్నారు.

ఎండ నడినెత్తికి రాకముందే పెద్దమనిషి వీరమ్‌జీ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. పిల్లలు గోడ దూకి పారిపోయారు.

"పొయ్యి ఆర్పు ఝమకూ."

"రండి, కూర్చోండి వీరమ్‌జీ. రొట్టె వేడిగా ఉంది."

"వేళాకోళాలా? ఊరి మీదికి అమ్మ కోపం తెస్తున్నావు."

"ఇంకా రాలేదనుకుంటున్నారా? చెప్పులు విప్పి ఆ బండ మీద నిలబడండి, తెలుస్తుంది."

"తాతల నాటినుంచీ ఉన్న కట్టు ఇది. నీకోసం మారదు."

"మీ తాతలు ఏడోనాడు కంబళి కప్పుకుని చద్ది తిన్నారు. ఆ చలి తెచ్చిపెట్టండి. నా పొయ్యి నేనే ఆర్పుకుంటాను."

వీరమ్‌జీ ముందుకు వచ్చాడు. కాలితో ఇసుక తోసి పొయ్యి ఆర్పాడు. నీళ్లతో ఆర్పాలని అంతటి కోపంలోనూ అతనికి అనిపించలేదు, నీళ్ల విలువ అతనికీ తెలుసు. చద్ది చెడిన సంగతే తలకెక్కలేదు. వెళ్తూ వెళ్తూ, "గుడి సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. ఝమకూ ముఖం మొదటిసారి మారడం సుగణీ చూసింది. ఆమె చెయ్యి బొడ్లో తాళంచెవి మీదికి పోయింది.

మధ్యాహ్నానికి హస్తూ మనవడు కక్కడం మొదలెట్టాడు. పొద్దు వాలేసరికి ఏడుగురు పిల్లలు. జీపు పిలిపించి బాలోత్రా ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ ఏడుగురిలో ఝమకూ పొయ్యి దగ్గరికి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. సుగణీ జీపు వెనక నిలబడి ఒక్కొక్క ముఖమూ చూసింది. చూసినది ఎవరికి చెప్పాలో తెలియలేదు. మగవాళ్ల ముందు ఆమె ఇంతవరకు నోరు తెరిచి ఎరగదు.

అదే జీపులో ఝమకూను కూడా ఎక్కించాల్సి వచ్చింది. సాయంత్రానికల్లా ఆమె మంచం మీద విల్లులా వంగిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు, "ఏం తిన్నావమ్మా?" అని అడిగితే గోడ వైపు తిరిగి, "ఎండ" అంది. సుగణీ నోరు తెరవబోయింది. ఝమకూ సెలైను సూదున్న చేత్తోనే ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

పిల్లలు మూడు రోజుల్లో లేచి ఆడుకున్నారు. ముసలి శరీరానికి పదకొండు రోజులు పట్టింది. బాలోత్రాలోనే బట్టలకు రంగులు వేసే ఒక్కగానొక్క కొడుకు, సుగణీ మొగుడు, పని మానుకుని పగలంతా పక్కనే కూర్చున్నాడు. ఝమకూ కర్ర పట్టుకుని ఊళ్లో దిగేసరికి గుడి తలుపుకు కొత్త తాళం ఉంది. మూలారామ్ చిన్నాన్న మనవడిని పూజారిగా కూర్చోబెట్టారు. తనకు కడుపు సున్నితమని అతను ముందే చెప్పుకున్నాడు. అలాగైతే వచ్చే ఏటినుంచి గంగాళంలోది ఆవులకు పెట్టొచ్చని వీరమ్‌జీ తేల్చేశాడు. తాతల నాటి కట్టు అంత తేలిగ్గా మారింది.

ఆ మాట పంపు దగ్గర విన్న రోజు సుగణీ బిందె నింపుకోకుండానే ఇంటికి వచ్చింది. ముసుగు తీసి మంచం మీద విసిరింది.

"చెప్పేస్తాను సాసూజీ. నేను చూసింది వాళ్లందరి ముందూ చెప్పేస్తాను. మిమ్మల్ని అమ్మవారు కొట్టిందట! ఎంత సిగ్గులేకుండా అంటున్నారో!"

"నోరు ముయ్యి."

"ఎందుకు మూయాలి? గుడి పోయింది, పేరు పోయింది. ఇంకేం మిగిలిందని?"

ఝమకూ పాత తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పింది. అది ఇప్పుడు ఏ తలుపుకూ పట్టదు. బొడ్లోంచి మాత్రం తియ్యలేదు.

"నువ్వు చెబితే అమ్మవారిని అంటారే పిచ్చిదానా. ఇదా నీ అమ్మ అంటారు. నన్ను అనుకోనీ, నాకు అలవాటే. దాన్ని మాత్రం ఎవరూ ఒక్క మాట అనకూడదు. దాన్ని తిట్టేదాన్ని నేనొక్కదాన్నే."

సుగణీ ముసుగు తీసుకుని మళ్లీ వేసుకుంది. ఖాళీ బిందెతో పంపు దగ్గరికి వెళ్లింది. వరసలో నిలబడి, అమ్మవారు ఝమకూను ఎలా కొట్టిందో మరోసారి మొదటినుంచీ వింది.

ఏడోనాడు వీరమ్‌జీ పొయ్యిలో ఇసుక తోసి వెళ్లాక సుగణీ పిడకలు సర్దడానికి ఆవం వెనక్కి వెళ్లింది. అక్కడ ఝమకూ గుడి నుంచి తెచ్చుకున్న గంగాళం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. కాల్చిన రొట్టెల్లో ఒక్క ముక్క కూడా ఆమె ముట్టలేదు. ఎనభై మూడు ఇళ్ల చిటికెలూ, ముక్కు మూసుకుని, ముప్పై ఒక్క ఏళ్లుగా తిన్నట్టే, అడుగు కనిపించేదాకా తింది. ఆ ఇంట్లో ఆ రోజు చద్ది తిన్నది ఆమె ఒక్కతే.