మావయ్య గృహప్రవేశం, నా మతాధ్యయనం

రైల్వే పరీక్ష రాయనివాణ్ణి మనిషిగా లెక్కేయని రోజులవి. రాయ్‌పూర్‌లోని మా తెలుగు రైల్వే కుటుంబాల్లో పిల్లాడు డిగ్రీ గట్టెక్కితే గార్డా, గుమాస్తానా అన్నదొక్కటే ప్రశ్న. అలాంటి చోట నేను ఎం.ఎ.లో మతాల తులనాత్మక అధ్యయనం తీసుకున్నాను. (ఆ పేరు తడబడకుండా పలకడం వచ్చేసరికే సగం పండితుణ్ణయిపోయాననుకున్నాను.) గార్డుగా చేసే నాన్న రోజూ "ఈ సదువుకి ఆగే ఏటుందిరా?" అని సగం హిందీలో నా భవిష్యత్తు గురించి అడిగేవాడు. మా ప్రొఫెసర్‌గారేమో ముందు ముందు ప్రపంచమంతా మన దగ్గరికే వస్తుందనేవారు. ముందుగా మా మావయ్య వచ్చాడు.

దేవేంద్ర నగర్‌లో ఆయన కొత్తింటికి గృహప్రవేశం. తెలుగు పంతులుగారు జ్వరంతో మంచం పట్టారు. ఇక్కడి పండిట్‌జీ చేయిస్తే మన పద్ధతిలో ఉండదని అత్తయ్య పట్టుబట్టింది. "మనోడు మతాలన్నీ సదివేత్తన్నాడు కదా, ఒక్క పూజ సేయించలేడేటి?" అన్నాడు మావయ్య. నేను చదివేది పూజ ఎందుకు చేస్తారన్నది, ఎలా చేస్తారన్నది కాదని మొత్తుకున్నా ఎవరూ వినలేదు. పైగా నాన్న షరతు పెట్టాడు. ఇది సవ్యంగా జరిగితే రెండో ఏడు చదువు, లేదంటే రైల్వే పరీక్ష.

పట్టుపంచె కట్టి పీట మీద కూర్చున్నాను. నాకొచ్చిన కాసిని శ్లోకాలూ వినాయకుడికే అయిపోయాయి. ఇక దిక్కుతోచక గడపకి అంత మర్యాద ఎందుకు, కొత్తింట్లో ముందు పొయ్యే ఎందుకు వెలిగిస్తారు, ఛత్తీస్‌గఢీ ఇళ్లలో ఏం చేస్తారు అంటూ ఉపన్యాసం అందుకున్నాను. అందరూ నోళ్లు తెరుచుకుని వింటూ పొయ్యి మీది పాల సంగతి మరిచిపోయారు. అవి పొంగి, పొయ్యి ఆర్పేసి, నా పంచె దాకా పారాయి. నా పని అయిపోయిందనుకున్నాను. అత్తయ్య మాత్రం ఆనందంతో కళ్లు తుడుచుకుంది. (గృహప్రవేశంలో పాలు పొంగడమే ముఖ్యమట, అందులోనూ తూర్పుకే పొంగాయట.) ఏ పంతులుగారికీ ఇంత బాగా పొంగలేదని ఊరంతా చెప్పుకుంది.

తిరుగుదారిలో నేను సైకిల్ తొక్కుతుంటే వెనక కూర్చున్న నాన్న, పాలు విరిగిపోతే ఏమవుతుందో మీ పుస్తకాల్లో ఉంటుందా అని అడిగాడు. ఉండదు, విరిగినప్పుడు ఆ ఇంటివాళ్లు ఏం చేశారో అడిగి రాసుకుంటామన్నాను.

"మన క్వార్టర్‌లోకి వచ్చిన రోజు ఇరిగిపోనాయిరా. మీ అమ్మ ఎవులికీ తెలీకుండా పంచదారేసి కోవా సేసి పంచీసింది. నాకు మటుకు ఇప్పటికీ బయమే," అన్నాడు. ఇంటి దగ్గర దిగుతూ, "రెండో ఏడు సదువుకో," అన్నాడు.

నా ఉపన్యాసానికి నాన్న లొంగిపోయాడని చాలా ఏళ్లు మీసం మెలేశాను. ఇప్పుడు నేనే ఆ పాఠాలు చెబుతున్నాను. ఈ చదువుకి భవిష్యత్తేమిటని పిల్లలడిగితే గంభీరంగా ఏదో ఒకటి చెబుతాను. ఆయన నన్ను చదవనిచ్చింది నేను సైకిల్ మీద నోరు మూసుకుని విన్నందుకని ఈ మధ్యే తట్టింది. ఆ పట్టుపంచె పండితుణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ వేళ ఇంకాస్త నెమ్మదిగా తొక్కాల్సింది, నాన్న ఇంకేమైనా చెప్పేవాడేమో.