తాళం వేసిన ఇంట్లో తడి సున్నం

దయ్యాలు, ఆత్మలు అనే మాట వింటేనే నాకు ఒళ్లుమంట. నేను జిల్లా పరిషత్ బడిలో టీచరును. బడి వెనక చింతచెట్టు కిందికి వెళ్లడానికి పిల్లలు భయపడితే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చెట్టు చుట్టూ రెండుసార్లు తిప్పి తెచ్చే రకం నేను. ఇది చదివి టీచరమ్మకు మతి పోయిందని అనుకునేవాళ్లు అనుకోండి. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎందుకు జరిగిందో మాత్రం నన్ను అడగొద్దు.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా గడ్‌చాందూర్. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. నా చదువంతా మరాఠీలోనే సాగింది. తెలుగు రాయడం పెళ్లయ్యాక మా ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆయనది మంచిర్యాల వైపు. ఇక్కడ ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తారు. ఇందులో తప్పులుంటే ఆయన్నే తిట్టుకోండి.

మేముండే ఇల్లు మా చిన్నమ్మది. అమ్మ చనిపోయినప్పుడు నాకు నాలుగేళ్లు. అమ్మ చెల్లెలు నన్ను తెచ్చుకుని పెంచింది. ఆమెకు పిల్లల్లేరు. చిన్నాయన పోయాక, నా పెళ్లి తర్వాత కూడా ఆమె, మేమిద్దరం ఆ ఇంట్లోనే ఉన్నాం. మూడు గదుల పాత ఇల్లు. రాయి, మట్టితో కట్టిన మందపాటి గోడలు, వాటి మీద సున్నపు గార. మే నెలలో కూడా లోపల చల్లగా ఉంటుంది.

చిన్నమ్మది పుర్రచేతి వాటం. ఇప్పుడు పిల్లలు ఎడమ చేత్తో రాస్తే ఎవరూ పట్టించుకోరు కానీ, కోర్పనా దగ్గర పల్లెలో ఉన్న ఆమె అత్తగారింట్లో అది పెద్ద నేరం. ఎడమ చేత్తో వడ్డిస్తే తినరు. దీపం పెట్టనివ్వరు. ఎవరికైనా గ్లాసు అందిస్తే తీసుకోరు. అత్త గరిటెతో కొట్టిన మచ్చ ఆమె ఎడమ మణికట్టు మీద చివరిదాకా ఉంది. అందరూ పొలానికి వెళ్లాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎడమ చేత్తో గబగబా పనులన్నీ చేసుకునేదట. ఎవరి అడుగుల చప్పుడైనా వినిపిస్తే చెయ్యి మార్చేసేదట. ఆ అలవాటు గడ్‌చాందూర్ వచ్చాక కూడా పోలేదు. నేను వంటింట్లోకి వెళ్తే గరిటె ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మారేది. నేనెన్నోసార్లు నవ్వాను కూడా.

ఒక్క సున్నం వేసేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి మార్చేది కాదు. గోడకు ఎంగిలి లేదు, మైల లేదు కాబట్టి అత్తగారింట్లో కూడా దానికి అడ్డు చెప్పలేదట. దీపావళికి వారం ముందు సున్నపు గడ్డలు తెచ్చి డ్రమ్ములో వేసి నీళ్లు పోసేది. అది కుతకుతా ఉడికి చల్లారాక పాత చీరలో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపేది. తర్వాత మూడు రోజులు ఎడమ చేతిలో కుంచె, నోట్లో ఏదో కూనిరాగం. మధ్యమధ్యలో కుంచెను డ్రమ్ము అంచుకు రెండుసార్లు టక్కుటక్కుమని కొట్టేది. నేల మీద ఒక్క చుక్క పడేది కాదు. ఏడాది మొత్తంలో ఆ మూడు రోజులే ఆమె చెయ్యి ఆమెది.

అది నాకు తెలుసు. తెలిసీ చేశాను.

ఐదేళ్ల కిందట మా ఆయన పుట్టీ బస్తాలు, రంగు డబ్బాలు తెచ్చారు. సిమెంటు కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఇంటికి సున్నం కొట్టుకుంటే నలుగురూ నవ్వుతారని ఆయన బాధ. నాక్కూడా పిస్తా రంగు గోడల మీద మోజు ఉండేది. ఇద్దరు పెయింటర్లు వచ్చారు. చిన్నమ్మ వాళ్లను చూసి, నన్ను పక్కకు పిలిచి అడిగింది.

"మరి నేనేం జెయ్యాలె బిడ్డా?"

"ఏం జెయ్యకు. ఆరాంగ కూసో. ఎన్నేండ్లని జేస్తవ్?"

మంచి మాటే అన్నాననుకున్నాను. ఆమె ఐదు రోజులు పెరట్లో మంచం మీద కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, పెయింటర్ల వైపు చూస్తూ ఉండిపోయింది. పని అయ్యాక తన కుంచె ఎక్కడుందని అడిగింది. గట్టిపడిపోయిందని దాన్ని నేనే చెత్తలో వేశాను. తెలియదన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. మరుసటి ఏడాది చలికాలంలో నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

ఆమె పోయాక నేను ఎంత ఏడ్చానో చెప్పుకోవడం ఇక్కడ అనవసరం. కానీ అందరూ అనుకున్నట్టు నేను ఏడ్చింది తల్లిలాంటి మనిషి పోయిందని మాత్రమే కాదు. ఆ కుంచె గురించి నిజం చెప్పలేదు కదా అని. ఒక్కసారి కనిపిస్తే చాలు, చెప్పేద్దును అనిపించేది. బడికి వెళ్తూ అనిపించేది, అన్నం తింటూ అనిపించేది.

ఇక గోడలు. పాత సున్నాన్ని సరిగా గీకకుండా పైన పుట్టీ పెడితే అది నిలవదు. ఆ సంగతి మాకు తెలియదు. రెండు వానాకాలాలు గడిచేసరికి పుట్టీ బుడగలు లేచి, అప్పడాల్లా ఊడి పడసాగింది. మా ఆయన మళ్లీ పుట్టీ పెట్టించారు, మళ్లీ ఊడింది. అప్పుడు పౌరుషం వచ్చి కింద మూడడుగులు సిమెంటు పూయించారు. దాంతో చెమ్మ బయటికి పోయే దారి లేక పైకి పాకింది. రోజంతా సిమెంటును పరీక్షించే మనిషి, సొంత ఇంటి గోడ దగ్గర ఓడిపోయారు. ఆ మాట అన్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

రెండేళ్ల కిందట, దీపావళి సెలవుల్లో, నేనే పనికి దిగాను. ఎలా చేయాలో ఫోనులో వీడియోలు చూశాను. సిమెంటు పొరను సుత్తీ ఉలీతో కొట్టించి, మిగతాదంతా రేకుతో నేనే గీకాను. పుట్టీ పెచ్చులు ఊడుతుంటే కింద నీలం కలిసిన తెల్లటి సున్నం బయటపడింది. దాని మీద చిన్నమ్మ కుంచె గీతలు చెక్కుచెదరలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. కుడిచేతి వాళ్లు సున్నం వేస్తే గీతలు పైకి పోతూ కుడివైపు వాలతాయి. ఎడమచేతి వాళ్లు వేస్తే ఎడమవైపు వాలతాయి. తడిగా ఉన్నప్పుడు కనబడవు, ఆరుతున్నకొద్దీ తేలతాయి. చిన్నమ్మవన్నీ ఎడమవైపు వాలిన గీతలు. వాటి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చి, మళ్లీ సున్నమే వేస్తానని నిర్ణయించుకున్నాను.

"సున్నమా? మా ల్యాబోళ్లు ఇంటికొస్తే ఏమనుకుంటరు?" అన్నారు మా ఆయన.

"ఇప్పటికి గోడలు బతికినయ్ అనుకుంటరు" అన్నాను.

కొత్త కుంచె కొన్నాను. చిన్నమ్మ చేసినట్టే సున్నం నానబెట్టి, వడగట్టి, నీలిమందు కలిపాను. ముందు రెండు గదులు రెండు రోజుల్లో అయిపోయాయి. నేల నిండా చుక్కలే. మూడో రోజు వెనక గది మొదలుపెట్టాను. అది చిన్నమ్మ గది. మూడు గోడలయ్యేసరికి పదకొండు దాటింది. మిగిలింది ఆమె మంచం వేసుకున్న వైపు గోడ.

అంతలో కోర్పనాలోని మా విద్యాశాఖ ఆఫీసు నుంచి ఫోన్. ఏదో కాగితం మీద ఆ రోజే సంతకం పెట్టాలట. తిట్టుకుంటూ డ్రమ్ము మీద తడి గోనె కప్పి, కుంచెను నీళ్ల బకెట్లో వేసి, వెనక తలుపు లోపలి గడియ పెట్టి, ముందు తలుపుకు తాళం వేసి బస్సెక్కాను. ఒక తాళంచెవి నా పర్సులో ఉంది. రెండోది మా ఆయన దగ్గర, ఆయన ఫ్యాక్టరీలో.

తిరిగి వచ్చేసరికి ఐదు కావస్తోంది. తాళం తీస్తుంటే పక్కింటి కాకూ ప్రహరీ మీదుగా పలకరించింది. కాకూ అంటే మరాఠీలో పిన్ని. ఆవిడ మరాఠీ మనిషి, చిన్నమ్మకు స్నేహితురాలు.

"అగం, ఘరీ నవ్హతీస్ కా?" అంది. ఇంతసేపూ ఇంట్లో లేవా అని. కోర్పనా వెళ్లానన్నాను. మరి మధ్యాహ్నమంతా డబ్బా మీద కుంచె కొట్టిన చప్పుడు వినిపించిందే, తిండి కూడా తినకుండా పని చేస్తున్నావనుకున్నానే అంది. వేరే ఇంట్లోంచి అయ్యుంటుందని నవ్వేసి లోపలికి వెళ్లాను.

లోపల పచ్చి సున్నం వాసన. నేను పొద్దున వేసింది ఆ ఎండకు ఎప్పుడో ఆరిపోయి ఉండాలి. వెనక గదిలోకి వెళ్లాను. నేను వేసిన మూడు గోడలూ తెల్లగా ఆరి ఉన్నాయి. నాలుగో గోడ తడిగా, బూడిద రంగులో ఉంది. నేను ముట్టని గోడ అది.

చెయ్యి పెట్టి చూశాను. అరచేతికి సున్నం అంటింది.

సున్నం తడిగా ఉన్నప్పుడు నీళ్లు కొట్టినట్టే ఉంటుంది, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. నేను చూస్తుండగానే గోడ పైనుంచి తెల్లబడుతూ వచ్చింది. గీతలు తేలాయి. అన్నీ ఎడమవైపు వాలి ఉన్నాయి. పూత నాకు అందే ఎత్తుకు జానెడు కిందే ఆగిపోయింది. చిన్నమ్మ నాకంటే పొట్టి. ఆ గోడ కింద నేల మీద ఒక్క చుక్క లేదు. డ్రమ్ములో సున్నం నాలుగు వేళ్ల మేర తగ్గింది.

భయం వేయలేదు. ఒట్టు. "చిన్నమ్మా" అని పిలిచాను. ఇల్లంతా తిరిగి పిలిచాను. పెరట్లోకి వెళ్లి కూడా పిలిచాను. కాకూ తొంగి చూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

మా ఆయన ఆరింటికి వచ్చారు. ముందు వెనక గడియ చూశారు. నిచ్చెనేసి పైకప్పు పెంకులు చూశారు. తర్వాత గోడకు పక్కనుంచి టార్చి కొట్టి ఒక్కో గీతా చూశారు. అట్టముక్క తెచ్చి, ఎడమ చేత్తో తాను సున్నం వేసి చూశారు. వంకర టింకరగా వచ్చి, ఆయన చొక్కా నిండా పడింది. చివరికి నన్ను కూర్చోబెట్టి, అలసటలో నువ్వే వేసి మర్చిపోయావేమో అన్నారు. నాకూ ఆ అనుమానం వచ్చింది. కానీ బస్సు టికెట్లు రెండూ పర్సులోనే ఉన్నాయి. మర్నాడు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నాను. నా సంతకం అక్కడే ఉంది.

ఆ సంగతి చెప్పాక, గోడ మీద చెయ్యి రాసి ఆయన ఒక్క మాటన్నారు. "పూత మాత్రం మంచిగ పడ్డది."

తర్వాత నాకు వచ్చింది కోపం. నేనుండగా ఎందుకు రాలేదు? మూడు రోజులు ఆ గదుల్లోనే ఉన్నాను కదా, నేను తాళం వేసి వెళ్లేదాకా ఎందుకు ఆగింది? ఆ కోపంలోనే జవాబు కూడా తట్టింది. ఇంట్లోవాళ్లు బయటికి వెళ్లాకే ఆమె తన చెయ్యి బయటికి తీసేది. నేనూ ఆ ఇంట్లోవాళ్లలో ఒకదాన్నే. ఆ సంగతి తెలియడానికి నాకు నలభై రెండేళ్లు పట్టింది.

ఇది నా ఊహ మాత్రమే. తాళం వేసిన ఇంట్లో ఆ గోడకు సున్నం ఎవరు వేశారో నాకు ఈనాటికీ తెలియదు. విన్నవాళ్లు ఎన్నో కారణాలు చెప్పారు, ఏదీ అతకలేదు. పోనీ అబద్ధమనుకుందామంటే నా అరచేతికి అంటిన సున్నాన్ని నేనే కడుక్కున్నాను.

ఆ తర్వాత ఇంకో దీపావళి వచ్చి వెళ్లింది. ఆ గోడ ఒక్కటీ వదిలేసి, డ్రమ్ము మీద గోనె కప్పి, తాళం వేసి, పని లేకపోయినా కోర్పనా వెళ్లి బస్టాండులో కూర్చుని వచ్చాను. గోడ వదిలినట్టే ఉంది. నేనే వేశాను. ఈ దీపావళికి కూడా మొన్న ఆ గోడ వదిలేసి, తాళం వేసి వెళ్లాను. సాయంత్రం వచ్చి చూస్తే ముందు తలుపు తాళం అలాగే ఉంది.

వెంటనే తీయలేదు. కాకూ ఇంటి అరుగు మీద కూర్చుని, టీ తాగి, మళ్లీ ఇంకో టీ అడిగాను. చీకటి పడుతోంది, ఇంటికి పోవా అని కాకూ అడిగింది. ఇంకాసేపు ఆగుతానన్నాను. ఒకవేళ చిన్నమ్మ లోపల ఉంటే, చెయ్యి మార్చుకోకుండా పని పూర్తి చేసుకోనీ.