ఊపిరి బృందానికి అగరొత్తులు

ఊపిరితిత్తుల జబ్బుల కోసం పెట్టిన బృందాన్ని అగరొత్తుల పొగతో ప్రారంభించినవాళ్లు లోకంలో ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. మేం మాత్రం ప్రారంభించాం. ద్వారకా నగర్‌లో ఒక హోటలు, కిటికీలన్నీ బిగించిన ఏసీ హాలు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. మా ప్రాంతపు ఆసుపత్రులూ మెడికల్ కాలేజీలూ కలిసి నడిపే ఆరోగ్య పరిశోధన నెట్‌వర్క్ ఒకటుంది. అందులో గుండెకో బృందం, షుగరుకో బృందం ఉన్నాయి గాని ఊపిరాడనివాళ్లకి మాత్రం లేదు. దాన్ని పెట్టించడానికి చెప్పులరిగేలా తిరిగాను. ఒక్కటే షరతు పెట్టాను. జబ్బుతో బతుకుతున్న మనిషి ఒకరు సభ్యులుగా మాతో సమానంగా కూర్చోవాలి, ఏ పని ముందు చేయాలో చెప్పాలి. నెట్‌వర్క్ అధ్యక్షుడు "తప్పకుండా మేడమ్, వినూత్నంగా ఉంటుంది" అన్నారు. వినూత్నమట! రోగి మాట వినడం కూడా ఒక వింతే మాకు.

ఆ మనిషిని నేనే వెతికాను. సముద్రపొడ్డున జాలరి పేటలో ఉంటుంది. తట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి చేపలమ్మిన మనిషి. ఏనాడూ చుట్టా బీడీ ముట్టలేదు, కట్టెల పొయ్యి పొగే ఆమె ఊపిరితిత్తుల్ని తినేసింది. ఇప్పుడు తట్ట ఎత్తలేదు, బజార్లో ఒకచోట కూర్చుని అమ్ముకుంటుంది. మా ఆసుపత్రిలో నేర్పే శ్వాస కసరత్తులతో కొంచెం తేరుకుంది గాని, రెండు బస్సులు మారి రావడం ఆమె వల్ల కాలేదు. మానేసింది.

"ఇంతమంది డాట్రులుండగా నానేటి సెప్తానమ్మా?" అంది మొదట. మళ్లీ తనే అడిగింది. "ఆ కసరత్తేదో మా పేటలోనే పెట్టమని అడగొచ్చా? నాలాటోళ్లు సానామందున్నారక్కడ."

అడగొచ్చన్నాను. అందుకోసమే ఒప్పుకుంది. ప్రారంభం రోజున ఇస్త్రీ చీర కట్టుకుని నాతో ఆటోలో వచ్చింది.

రాహుకాలం రాకముందే దీపం వెలిగించాలని అధ్యక్షుడు తొందరపెట్టేశారు. మా దగ్గర ఏ మీటింగైనా అంతే. విషయం ఏదైనా కానీ, దీపం, శాలువాలు, పూలగుత్తులు ఉండాల్సిందే. వద్దని నేను ముందే చెప్పాను. "దీపం ఒక్కటే లెండి" అన్నారు. తీరా చూస్తే దీపం పక్కన ఒక కట్ట అగరొత్తులు, పళ్లెంలో కర్పూరం. వేదిక మీదున్నవాళ్లంతా ఊపిరితిత్తుల గురించే చదువుకున్నవాళ్లు. ఒక్కరికీ తట్టలేదు. నేను వెళ్లి ఆర్పేలోపే ముందు వరుసలో ఆమెకి దగ్గు అందుకుంది. చూస్తుండగానే పెదాలు నల్లబడ్డాయి.

"ఆవిణ్ణి కాస్త బయట కూర్చోబెట్టండి" అన్నారు అధ్యక్షుడు మైకులో.

మనిషిని బయటికి పంపారు, అగరొత్తుల్ని లోపలే ఉంచారు. పొమ్మనలేక పొగబెట్టారంటారు. వీళ్లు పొగా పెట్టారు, పొమ్మనీ అన్నారు.

వరండాలో ఇన్‌హేలర్ పట్టించి వీపు నిమురుతూ కూర్చున్నాను. ఊపిరి కుదుటపడుతుండగా లోపల చప్పట్లు వినిపించాయి. "మనకేనా అమ్మా?" అంది ఆశగా.

మనకి కాదు. లోపలికెళ్లేసరికి సభ్యుల పేర్లు చదివేశారు. రోగుల ప్రతినిధిగా అధ్యక్షుడికి తెలిసిన రిటైర్డ్ ఆఫీసరొకాయన శాలువా కప్పుకుని నవ్వుతున్నాడు. మీకేం జబ్బండీ అని అడిగాను. "బీపీ ఉందండీ" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆవిడ చోటు ఆవిడకివ్వండి" అన్నాను మైకు లాక్కుని.

"ఎమోషనల్ కాకండి మేడమ్. చూశారుగా, ఆవిడ మీటింగులకి తట్టుకోలేదు" అన్నారు అధ్యక్షుడు చాలా మర్యాదగా.

ఏ జబ్బు ఉందని పిలిచారో, ఆ జబ్బే ఉందని గెంటేశారు. బృందానికి సమన్వయకర్తగా సంతకం పెట్టేది లేదన్నాను. ఆ సంతకం లేకపోతే బృందం లేదు. హాలంతా గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఆమె గొంతు వినిపించింది.

"సంతకం ఎట్టెయ్యమ్మా. నా కోసం ఆపకు. మా పేటకి కసరత్తొస్తే సాలు."

పేటలోనే పెడతారా అని అందరి ముందూ నిలదీశాను. "తప్పకుండా, మొదటి మీటింగులోనే చూద్దాం" అన్నారు అధ్యక్షుడు. పళ్లు కొరుక్కుంటూ సంతకం పెట్టాను.

మొదటి మీటింగులో చూశారు. పేటలో నీచు వాసనన్నాడు రోగుల ప్రతినిధి. బయటివాళ్లు చూడ్డానికొస్తే బాగుండదన్నారు ఇంకొకరు. కసరత్తుల శిక్షణ పెద్దాసుపత్రిలోనే, పొద్దున్న పదింటికి అని తీర్మానించారు. వద్దని లేచిన చెయ్యి నాదొక్కటే.

ఆ కబురు చెప్పడానికి నేనే బజారుకెళ్లాను. ఆమె ఎవరికో వంజరం చేప ముక్కలు కోస్తోంది. అందర్నీ తిట్టుకుంటూనే జరిగింది చెప్పాను. కోత ఆపకుండా అంతా విని, తలెత్తి నా వంక చూసింది.

"పదింటికా? పదింటికి నానక్కడుంటే, ఇక్కడ సేపలు మీ మీటింగు పెద్దాయనొచ్చి అమ్ముతాడా?"