ఏడడుగుల నీడ

కడియం నర్సరీలో ప్రసన్నకుమారి ముప్పయ్యారేళ్లు మొక్కలకు నీడ పట్టింది. తన నెత్తిన మాత్రం చీర కొంగు తప్ప ఏమీ లేదు. దీన్ని శ్రమజీవి త్యాగమని పొగిడేవాళ్లుంటారు. ఆమెకెవరూ ఓ టోపీ కొనివ్వలేదన్నది అసలు సంగతి.

పని నేర్పింది మొగుడు ఆశీర్వాదం. ఆ రోజుల్లో షేడ్‌నెట్లు లేవు, మడుల మీద తాటాకు పందిళ్లే. పొద్దున్నే అతను ఎండలో నిలబడితే, నీడలో తల పడినచోట ఆమె పుల్ల గుచ్చేది. అక్కడిదాకా అతను అడుగులో అడుగేసి కొలిచేవాడు. నీడ ఏడడుగులకు తగ్గిందా, ఎండ ముదిరినట్టే; లేత మొక్కలన్నీ పందిట్లోకి చేరాల్సిందే. లూథరన్ చర్చిలో పెళ్లయిన జంట. "మన పెళ్లిలో ఏడడుగుల్లేవు కదే, ఇక్కడ రోజూ నడుద్దాం" అని ఏడిపించేవాడు. అతను పోయాక ఆమె తనంత ఎత్తు కర్ర ఒకటి పాతుకుని, దాని నీడను ఒక్కతే కొలుస్తోంది.

కిందటేడు కుడికంటికి శుక్లం ఆపరేషనైంది. ఇన్నేళ్ల ఎండ కూడా ఓ కారణమేనని, తీక్షణమైన ఎండలో ఉండొద్దని డాక్టరు చెప్పారు. యజమాని గణేష్‌బాబు ఇంట్లో కూర్చోమన్నాడు. ఆమెకు కూర్చోవడం రాదు.

ఆయన కూతురు, డిగ్రీ చదివే హారతి, దారి చూపింది. పైన ఉపగ్రహముంది, భూమి నుంచి తిరిగి పైకెళ్లే వెలుగును పట్టి ఓజోన్ పొర ఎంత మందంగా ఉందో కొలుస్తుంది. దాన్నిబట్టి ఏ గంటకు అతినీలలోహిత కిరణాలు ఎంత పడతాయో ఫోనులో అంకె వస్తుంది. ఆరు దాటితే లోపలికొచ్చెయ్యాలి అంది.

ఓజోనంటే ప్రసన్నకుమారికి ఇట్టే అర్థమైంది. భూమికి వేసిన తాటాకు పందిరి.

"పైనుంచి సందులు లెక్కపెడతారన్నమాట" అంది.

మర్నాడు కర్ర నీడ ఏడడుగులకు రాగానే హారతిని ఫోను చూడమంది. ఆరు. "మా ఆయన లెక్కా ఇదే" అంది, ఆ నీడ కొసనే చూస్తూ.

ఆ ధీమాతోనే దెబ్బతింది. ఆషాఢంలో ఓ రోజు పల్చటి మబ్బు పట్టి నీడే పడలేదు. నీడ లేదు కాబట్టి ఎండా లేదనుకుని, మధ్యాహ్నం దాకా ఆరుబయటే కవర్లలో మట్టి నింపింది. సాయంత్రానికి కన్ను ఎర్రబడి నీళ్లు కారాయి. హారతి ఫోను తీసి చూస్తే, ఆ పూట మబ్బులోంచే తొమ్మిది.

"చూశావా ప్రసన్నమ్మా, ఇక చాలు, మానెయ్" అన్నాడు గణేష్‌బాబు.

"మబ్బు రోజున మా ఆయన లెక్క పనిచేయదండి. పాపం, ఆయనకీ తెలీదు. క్రోటన్లకి నెట్టు కడతారు కదండీ బాబుగారూ. నా పీట మీద కూడా ఓ ముక్క కట్టించండి. వాటికన్నా పాతదాన్ని."

ఆయన గొణుక్కుంటూనే కట్టించాడు.

ఇప్పుడామె నెట్టు కింద కూర్చుని మొక్కలకు అంటు కడుతోంది. అంకె హారతి కేకేసి చెబుతుంది. పీట ఎక్కడ వెయ్యాలో మాత్రం ఆమే చూపించింది. కర్ర దగ్గర్నుంచి సరిగ్గా ఏడడుగులు.